పదిన్నర తూకం

గుణుపురం జీడిపిక్కల గొడౌన్లో
ఇరవై రెండేళ్లుగా కాటా దగ్గర కూర్చున్నాను.
బస్తా నేల మీద పడిన చప్పుడు వింటే చాలు
ఎన్ని కిలోలో చెప్పగలను.
అలాంటివాడి చేతిలో
తూకానికి అందని కాగితం ఒకటి పెట్టింది
సుగర్ వార్డులో ఇతిశ్రీ మేడమ్.

అన్నీ ఒడియా అక్షరాలు.
బొద్దుగా, గుండ్రంగా,
మూకుట్లో అప్పుడే పొంగిన పూరీల్లా.
మాట్లాడ్డం వచ్చు గాని
చదవడం నాకు రాదు.

పొద్దున్న ఉత్త టీ.
పదిన్నరకి లారీ కదిలాక గాని
నా కడుపు నోరు తెరవదు.
అప్పుడు తినేది టిఫినూ కాదు, భోజనమూ కాదు,
మా ఊరిలాగే
ఎటు నుంచి పిలిస్తే అటు పలుకుతుంది.

బస్టాండు ముందు బళ్ల వరస.
జావ కుండ పక్కన కూర్చున్న సుంబారి మనవడు
మంగడు, ఆరో తరగతి,
నా కాగితం అందుకుని
పాఠం అప్పజెప్పినట్టు చదివాడు.

మూడు పూరీలు కూరతో నాలుగు వందల పైమాటేనట.
రెండు బరాలు, మీద గరిటెడు ఘుగుని, దానికి కాస్త తక్కువ.
ఉప్మా పరవాలేదట, జీడిపప్పు లేకుండా.
(జీడిపప్పు లేకుండా! నాకు చెప్తోంది!)
ఇడ్లీకి మంచి మార్కులే,
చట్నీ మాత్రం వేరే లెక్క.
మసాలా దోసె మీద ఎర్ర గీత.
గ్లాసుడు మాండియా జావుకి
నూరో నూటిరవయ్యో, పక్కనే నక్షత్రం.

మాండియా అంటే చోళ్లే.
చుట్టాలొస్తే మా అమ్మ
చోడంబలి ముంతని కట్టెల వెనక దాచేది.
అప్పు పెట్టి పూరీ పొట్లం తెప్పించేది.
ఆ ముంత ఇన్నేళ్లు దాక్కుని దాక్కుని
ఆసుపత్రి కాగితంలో తేలింది.

పక్క బల్ల మీద హమాలీ అసిరయ్య
ఆరో పూరీ మడుస్తూ అడిగాడు,
"కేలరీ అంటే ఏటి బాబూ?"
"తిన్నది ఒంట్లో ఎంత మండుతుందో, ఆ లెక్క."
కాసేపు నమిలాడు.
"అయితే నాది నలభయ్యో బస్తాకే మండిపోనాది.
నీదే, పాపం, నీతో పాటు కుర్చీలో కూకుండిపోనాది."

ఆ మాట మేడమ్ కాగితంలో లేదు.
పూరీకి తెలుసు
ఎవరి కడుపులోకి దిగుతోందో.

పది రూపాయలిచ్చి జావ తాగాను.
పుల్లగా, చల్లగా, ఉల్లిపాయ ముక్క కొరుక్కుంటూ.
మా అమ్మ చేతి పులుపు కాదు, దానికి దగ్గరి చుట్టం.
అడుగున కాస్త ఇసక తగిలింది,
ఇది కూడా నక్షత్రంలోదేనా అనుకున్నాను.

కుండ ఖాళీ అయ్యాక
సుంబారి నోట్లు కొంగున ముడేసుకుని
నేరుగా పూరీ బండికి నడిచింది.
నాలుగు పూరీలు, అడ్డాకులో.
నేను చూస్తున్నానని చూసి నవ్వింది.
"జావు రోజూ ఇంట్లో ఉన్నదే. ఇవాళ సంత కదా, వీడికి."
మంగడు నూనె వేళ్లతోనే
నా కాగితం నాకు తిరిగిచ్చాడు.
మరక పడిన చోట కాగితం పలచబడి
ఎండ ఇవతలికి వచ్చింది.
ఏ పదార్థం మీద పడిందో మరక
నేను చదవలేను.

సాయంత్రం గొడౌన్లో ఎవరూ లేరు కదా అని
చెప్పులు విప్పి కాటా ఎక్కాను.
జీడిబస్తా ఎనభై.
నేను ఎనభై ఒకటి.
బస్తాకైతే గోనె బరువు తీసేసి రాస్తాం.
నాలో గోనె ఎంతో, సరుకెంతో!

"ఈ బస్తా ఏ లారీకి బాబూ?"
గుమ్మంలో అసిరయ్య,
తలపాగా విప్పి చెమట తుడుచుకుంటూ.

రేపు జావే.
ఎల్లుండీ జావే.
మళ్లీ సంతనాటి సంగతి
సంతనాడు చూద్దాం.